కొత్త పెట్టలకు చోటు చేయాల్సింది మనమే

సంత నుంచి తెచ్చిన కోడిపెట్టల్ని ఆ సాయంత్రమే పాతవాటితో కలిపి గూట్లోకి తోసేయడం మన ఇళ్లలో ఆదత్ అయిపోయింది. అలా చేయొద్దని నేను ఎవరికి చెప్పినా వచ్చే జవాబు ఒకటే: "కోళ్లే కదా! నాలుగు రోజులు పొడుచుకుంటాయి, తర్వాత వాటికవే సర్దుకుంటాయి." మా ఖాలా అయితే పకపకా నవ్వి, "ఏం బేటీ, కోళ్లకు కూడా చిల్లా పట్టిస్తావా?" అంది.

పట్టించాలనే నా రాయ్. బాలింతకు 40 రోజుల చిల్లా ఉంది కదా, కొత్త కోడికి అందులో దాదాపు సగం చాలు. 21 రోజులు. లెక్క గుర్తు పెట్టుకోవడం కూడా ఆసాన్. పొదిగిన గుడ్డు పిల్ల కావడానికి ఎన్ని రోజులో, కొత్త పెట్టను అలగ్‌గా ఉంచడానికీ అన్ని రోజులే. ఆ తర్వాత కూడా ఒక్కసారిగా కాదు, ఆహిస్తా ఆహిస్తా కలపాలి. ఇదంతా షోఖ్‌కి కోళ్లు పెంచేవాళ్ల నఖరాలు అనుకునేవాళ్లకు జవాబుగానే ఇది రాస్తున్నాను.

ముందు నష్టం ఎవరిదో చూద్దాం. 2019 పశుగణనలో మన దేశంలో పెరటి కోళ్లు 31 కోట్లకు పైగా తేలాయి. వీటికి మేత వేసేది, గూడు ఊడ్చేది, సాయంత్రం లెక్కపెట్టి తలుపు వేసేది ఎక్కువగా ఆడవాళ్లే. మన ఇళ్లలో గుడ్ల పైసలు అంటే అమ్మీల పైసలు. వాటికి ఎవరూ హిసాబ్ అడగరు. పిల్లవాడి నోటుపుస్తకం, గుమ్మంలో నిలబడిన ఫకీరుకు ఖైరాత్, పుట్టింటికి వచ్చిన బిడ్డ చేతిలో పెట్టే వంద నోటు, అన్నీ వాటిలోంచే.

మా గల్లీలో ఒక ఆపా ఉంది. బేవా. కుట్టుమిషన్ మీద బతుకుతూ తొమ్మిది పెట్టల్ని పెంచుకునేది. ఒకసారి సంతలో సస్తాగా వచ్చాయని నాలుగు పెట్టల్ని కొనుక్కొచ్చి ఆ రాత్రే గూట్లో వేసింది. వారం తిరిగేసరికి కొత్తవాటిలో ఒకటి మూలన ముడుచుకుని కునికిపాట్లు పడటం మొదలుపెట్టింది. ఆకుపచ్చటి నీళ్ల రెట్ట. ఒకదాని మెడ పక్కకు తిరిగిపోయింది. ఇంకో పది రోజులకు గూడు ఖాళీ. కొత్తవి నాలుగూ పోయాయి, పాతవి తొమ్మిదీ పోయాయి. "కరెంటు బిల్లు వాటి మీదే కట్టుకునేదాన్నమ్మా" అని ఆమె చెప్పినప్పుడు నాకు ఏం అనాలో తోచలేదు. అందరూ ఆమెకు నసీబ్ అని సర్దిచెప్పారు. నసీబ్ మాట కాదనను. కానీ కట్టాల్సిన గుంజకు కట్టకుండా మేక పోయిందని ఏడిస్తే దాన్ని నసీబ్ అనం కదా.

మనం కొక్కెర వ్యాధి అని పిలిచేది ఇదే. పుస్తకాల్లో రాణీఖేత్ వ్యాధి అని ఉంటుంది. 1920ల చివర్లో కుమావూఁ కొండల్లోని రాణీఖేత్‌లో దీన్ని గుర్తించడంతో ఆ ఊరి పేరు పడింది. దాదాపు అదే కాలంలో ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర కూడా కనబడటంతో బయటి దేశాల్లో న్యూకాజిల్ వ్యాధి అంటారు. టీకా లేని మందలోకి ఇది దూరితే మిగిలేవి చాలా తక్కువ. మనం పట్టించుకోవాల్సిన సంగతి ఏమిటంటే, రోగం ఒంట్లో చేరాక బయటపడటానికి సాధారణంగా ఐదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు కూడా పడుతుంది. కాబట్టి సంతలో కళ్లు మెరుస్తూ, గింజలు టకటకా ఏరుకుంటున్న పెట్ట ఒంట్లో కూడా రోగం ఉండొచ్చు. అమ్మినవాడు దగా చేశాడని అనలేం. అతనికీ తెలియదు. పది ఊళ్ల కోళ్లు ఒకే బుట్టలో, ఒకే నీళ్ల ముంతలో ముక్కులు ముంచిన చోటు అది. 21 రోజుల గడువు పెట్టేది ఇందుకే. రోగం ఉంటే ఆ లోపల బయటపడుతుంది.

ఈ 21 రోజులు ఎలా గడపాలంటే, పెరడు ఉన్నవాళ్లు పాత గూడు ఈ మూల ఉంటే కొత్తవాటిని ఆ మూల పెట్టండి. పెరడు లేకపోతే ఛత్ మీద నీడపట్టున పెట్టండి. గంప కింద మూయడం ఒక పూటకు సరే, మూడు వారాలకు అది జుల్మ్. పాత నులకమంచం చుట్టూ జాలీ కట్టినా మూడు నాలుగు పెట్టలకు సరిపోతుంది. మేత గిన్నె, నీళ్ల డబ్బా వేరుగా ఉండాలి. రోజూ ముందు పాతవాటి పని చేసి, తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. కొత్తవాటి దగ్గరికి వేసుకెళ్లిన చెప్పులతో పాతవాటి గూట్లోకి రాకూడదు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇందులో ఖర్చయ్యేది ఒక ప్లాస్టిక్ డబ్బా, ఒక సబ్బు ముక్క.

అదే సమయంలో పెట్టను చేతిలోకి తీసుకుని చూడండి. కళ్లలో నురగ, ముక్కులో చీమిడి, ఊపిరి తీస్తుంటే గురక ఉన్నాయేమో గమనించండి. రెక్కల కింద, తోక మొదట్లో ఈకలు విప్పి పేలు చూడండి. కాళ్ల మీద పొలుసులు పైకి లేచి సున్నం పూసినట్టు ఉంటే అది గజ్జి పురుగు. ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లి టీకా, నట్టల మందు అడగండి. ఎనిమిది వారాలు దాటిన కోళ్లకు కొక్కెర వ్యాధికి వేసేది ఆర్ టూ బీ టీకా. అది వేసిన రోజే పని చేయదు, ఒంట్లో బలం రావడానికి రోజులు పడుతుంది. అందుకని టీకా వేయించి ఇంటికి రాగానే కలిపేయడం కూడా కుదరదు. పాతవాటికి టీకా వేయించి ఎన్నాళ్లయిందో కూడా అదే రోజు అడిగేయండి.

మన ఇళ్లకు ఖాస్‌గా సంబంధించిన ఇంకో మాట. రంజాన్‌లోనో, పెళ్లి దావత్ ముందో కూర కోసం నాటుకోళ్లు తెస్తాం. కోసే రోజు వరకు అవి రెండు మూడు రోజులు మన కోళ్లతోనే తిరుగుతాయి. "వీటిని పెంచుతున్నామా ఏంటి, దస్తర్‌ఖాన్‌కే కదా" అని ఎవరూ వాటిని కొత్తవాటి లెక్కలో వేయరు. రోగానికి మాత్రం ఆ తేడా తెలియదు. కూరకు తెచ్చినవైనా పెంపకానికి తెచ్చినవైనా సంత నుంచి వచ్చింది కొత్తదే. దాన్ని కూడా విడిగానే ఉంచాలి. కోసిన తర్వాత ఈకలు, పేగులు, కడిగిన నీళ్లు పెరట్లో పారేయకుండా గొయ్యి తీసి పూడ్చాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు మనందరం భయపడి నాలుగు రోజులు చికెన్ మానేశాం. పెరట్లో అలవాట్లు మాత్రం మార్చుకోలేదు. ఒకేసారి కోళ్లు టపటపా చచ్చిపోతుంటే వాటిని కోసుకు తినడం, పక్క ఊరికి అమ్మేయడం హరామ్‌ఖోరీ. పశువైద్యుడికి ఖబర్ చేయాలి.

సరే, 21 రోజులు సలామత్‌గా గడిచాయి. ఇప్పుడు రెండో సంగతి, కొట్లాట.

కోళ్లు ఎందుకు పొడుచుకుంటాయో తెలిస్తే వాటి మీద కోపం రాదు. నార్వే దేశపు థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బే అనే ఆయన చిన్నప్పటి నుంచీ ఇంట్లో కోళ్లను గమనించి, 1921లో దాని మీద శాస్త్ర పత్రం రాశారు. ప్రతి మందలోనూ ఒక వరస ఉంటుందని ఆయన తేల్చారు. మొదటిది అందరినీ పొడవగలదు, దాన్ని ఎవరూ పొడవరు. రెండోది మొదటిదానికి తలవంచి మిగతావాటిని పొడుస్తుంది. ఇలా చివరిదాకా. ఆ వరస ఒకసారి కుదిరితే కొట్లాట తగ్గుతుంది. ఎవరు ముందు తినాలో, ఎవరు ఏ కొమ్మ మీద కూర్చోవాలో అన్నిటికీ తెలుసు. అలాంటి చోటికి మూడు కొత్త పెట్టలు వస్తే వరస మొత్తం మళ్లీ వేసుకోవాలి. పాత పెట్టకు అది తన మేత, తన గూడు, తన దర్జా మీదికి వచ్చిన మనిషి. అది పొడవడం బద్‌తమీజీ కాదు, దాని ఫిత్రత్. మనం చేయగలిగింది ఆ కొత్త వరస నెత్తురు కారకుండా కుదిరేలా చూడటం.

ఇక్కడే పెద్దవాళ్లు అడ్డు తగులుతారు. "మా కాలంలో ఈ జాలీలు, డబ్బాలు ఎవరికి తెలుసు? కోళ్లు పెరగలేదా?" అంటారు. ఆ మాటలో సచ్చాయి ఉంది. కానీ దాదీ కాలంలో కోడి ఊరంతా తిరిగేది. పొడిస్తే పారిపోవడానికి పక్కింటి పెరడు, గడ్డివాము, చెరువుగట్టు ఉండేవి. కొత్త పెట్ట నెలపాటు దూరంగా మెసిలి, ఆ తర్వాత తనే మెల్లగా దగ్గర చేరేది. మందలో చాలామటుకు ఇంట్లో పొదిగినవే, తల్లి వెనకాల తిరిగి పెరిగినవే. కొని తెచ్చేది తక్కువ. ఇవాళ మనం ఉంటున్నది నూటయాభై గజాల ఇంట్లో, చుట్టూ కాంపౌండ్ గోడ. పారిపోతే గోడకు కొట్టుకోవాలి. పైగా దాదీ కాలంలో కూడా కొక్కెర వచ్చిన ఏడు ఊరు ఊరంతా కోళ్లు తుడిచిపెట్టుకుపోయేవి. ఆ సంగతి కూడా దాదీనే చెప్పేది. కాబట్టి పెద్దల తజ్రుబా మొత్తంగా తీసుకుందాం, మనకు ముఫీద్ అయినంత మేరకే కాదు.

కలపడం ఇలా మొదలుపెట్టండి. కొత్తవాటి జాలీని జరిపి పాతవాటి పక్కకు తెచ్చి వారం పది రోజులు ఉంచండి. చూసుకోవాలి, వినబడాలి, ముక్కు మాత్రం తగలకూడదు. జాలీకి ఇటూ అటూ దగ్గరగా మేత వేస్తే ఎదురెదురుగా తినడం అలవాటవుతుంది. మొదట్లో పాతవి జాలీ మీదికి ఎగబడతాయి. రోజులు గడిచేకొద్దీ పట్టించుకోవడం మానేస్తాయి. అలా మానేశాయంటే సమయం వచ్చినట్టే.

తర్వాత రోజూ అసర్ తర్వాత ఒక గంట అన్నిటినీ కలిపి పెరట్లోకి వదలండి, మీరు అక్కడే ఉండండి. మేత రెండు మూడు చోట్ల, నీళ్లు రెండు చోట్ల పెట్టండి. పెత్తనం చేసే పెట్ట ఒకేసారి రెండు గిన్నెలకు కాపలా కాయలేదు. ఒక బుట్ట, ఒక పలక, నిలబెట్టిన తాటాకు లాంటివి అక్కడక్కడా పెట్టండి. తరిమినప్పుడు చాటుకు పోవడానికి పనికొస్తాయి. కానీ ఒక్క దారే ఉన్న మూల ఉండకూడదు, దానిలో ఇరుక్కుంటే బయటికి రాలేదు. రెండు ఆకుకూర కట్టలు ఎత్తుగా వేలాడదీస్తే అన్నీ వాటిని పీక్కోవడంలో పడతాయి. గూట్లో కొమ్మ మీద ఒక్కో పెట్టకు జానెడు చోటు ఉండాలి. అంత లేకపోతే కొత్తవి కొనే ముందే గూడు పెంచుకోవాలి.

"రాత్రి చీకట్లో గూట్లో పెట్టేస్తే పొద్దున లేచేసరికి దోస్తులైపోతాయి" అనే చిట్కా గురించి చాలామంది చెబుతారు. చీకట్లో కోడికి చూపు ఆనదు కాబట్టి గొడవ పడదు, ఆ మాట నిజం. ఇన్నాళ్లూ జాలీలోంచి చూసుకుని, పెరట్లో కలిసి తిరిగిన తర్వాత చివరి అడుగుగా రాత్రి కొమ్మ మీద కూర్చోబెట్టడం మంచి తరీఖా. కానీ మొదటి రోజే అలా చేస్తే తెల్లారి వెలుతురు వచ్చిన వెంటనే, మూసిన గూట్లో, పారిపోయే దారి లేని చోట కొట్లాట మొదలవుతుంది. ఏ పద్ధతి పాటించినా మొదటి వారం ఫజర్ చదవగానే వెళ్లి గూడు తలుపు తీయండి. ఎండ ఎక్కేదాకా మూసి ఉంచొద్దు.

ఎంత కొట్లాట సరే, ఎక్కడ అడ్డుపడాలి? ఛాతీ విరుచుకోవడం, తరమడం, తల మీద ఒక పోటు పొడిచి వదిలేయడం, ఇవి వరస వేసుకునే మాటలు. మధ్యలో దూరకండి. దూరితే రేపు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. నెత్తురు కనబడితే మాత్రం ఆ క్షణమే ఆ పెట్టను బయటికి తీయాలి. ఎర్రగా కనబడ్డ చోట మిగతావన్నీ చేరి పొడుస్తాయి, చంపేదాకా వదలకపోవచ్చు. గాయం కడిగి, మందు వేసి, మానేదాకా జాలీలో ఉంచండి, కంటికి కనబడే దూరంలోనే. ఒక పెట్ట రోజంతా మూలకే నక్కి ఉండి మేత దగ్గరికి రాకపోయినా అది కూడా ప్రమాదమే. సాయంత్రం మేతతిత్తి తడిమి చూడండి, ఖాళీగా ఉందంటే తిననివ్వడం లేదన్నమాట. ఒకే పెట్ట అందరినీ సతాయిస్తుంటే కొత్తదాన్ని కాదు, ఆ పెట్టనే రెండు మూడు రోజులు విడిగా పెట్టండి. తిరిగి వచ్చేసరికి దాని గురూర్ కొంత దిగుతుంది.

కొనేటప్పుడే కొన్ని చూసుకోవాలి. ఒంటరిగా ఒక్క పెట్టను ఎప్పుడూ తేవద్దు, పోట్లన్నీ దానికే పడతాయి. రెండో మూడో ఒకేసారి తీసుకోండి. ఎదిగీ ఎదగని పిల్లల్ని పెద్దవాటిలో కలపొద్దు. నాలుగు నెలలు నిండి ఒళ్లు సమానమయ్యేదాకా ఆగాలి. మేతలో కూడా చిక్కు ఉంది. గుడ్లు పెట్టేవాటి దాణాలో సున్నం ఎక్కువ, అది ఎదిగే పిల్లల మూత్రపిండాలను పాడు చేస్తుంది. రెండు వయసులు ఒకే చోట తినాల్సి వస్తే అందరికీ ఎదిగే కోళ్ల దాణా వేసి, పెట్టలకు గవ్వల పొడి వేరే గిన్నెలో పెట్టండి. జాత్ కూడా చూడాలి. రాజేంద్రనగర్ పౌల్ట్రీ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వనరాజా, గ్రామప్రియ లాంటివి నెమ్మదివి. మన అసీల్ అలా కాదు. ఆ పేరే అరబీ నుంచి వచ్చింది, మంచి పుట్టుక కలది అని దాని మానీ. పుంజే కాదు, పెట్ట కూడా పోట్లాటకు వెనకాడదు. నెమ్మది పెట్టల మధ్య అసీల్‌ను వదిలే ముందు రెండుసార్లు ఆలోచించండి. పుంజు ఎనిమిది పది పెట్టలకు ఒకటి చాలు.

"ఇన్ని రోజులు రెండు చోట్ల మేత, నీళ్లు ఎవరు పెట్టాలి?" అని అడిగే అమ్మీలకు నా హమ్‌దర్దీ ఉంది. ఇంట్లో ఇప్పటికే పని అంతా వాళ్ల నెత్తినే ఉంది. అందుకే ఆ 21 రోజుల పని ఇంట్లో మగవాళ్లదీ పిల్లలదీ కావాలంటాను. గుడ్డు అందరూ తింటున్నారు కదా. బడికి వెళ్లే ముందు కొత్తవాటి నీళ్లు మార్చడం పదేళ్ల పిల్లాడికి పెద్ద పని కాదు. బేజుబాన్ జీవాన్ని ఇంటికి తెస్తే దాని హఖ్ ఏమిటో వాడికి అక్కడే తెలుస్తుంది.

నాకు అసలు చిరాకు తెప్పించేది "సర్దుకుంటాయిలే" అనే మాట. ఇది మనం కోళ్లకే అనం. ఇంటికి వచ్చిన కొత్త దుల్హన్‌కూ అంటాం, బడి మారిన పిల్లకూ అంటాం. కోడిని మనిషితో పోల్చడం లేదు. కానీ రెండు చోట్లా ఆ మాట చేసేది ఒకటే పని: చోటు చేయాల్సిన జిమ్మేదారీని ఇంట్లో బలం ఉన్నవాళ్ల మీంచి తీసి, ఏ బలమూ లేకుండా వచ్చినవాళ్ల మీద పెడుతుంది. సంత బుట్టలో కాళ్లు కట్టి తెచ్చిన పెట్టకు ఇక్కడికి రావాలని ఇరాదా లేదు. తెచ్చింది మనం. రెండో గిన్నె పెట్టగలిగేది, జాలీ కట్టగలిగేది, గూడు పెంచగలిగేది మనం. అది చేయగలిగిందల్లా బెదిరి నక్కడమే. దానికి సబర్ నేర్పే ముందు మనం 21 రోజుల సబర్ చూపించాలి.

ఇంకో నెలలో ఎండలు ముదురుతాయి. మా కడప వైపు మేలో నీడలో ఉన్న కోడే నోరు తెరిచి రొప్పుతుంది. ఆ వేడిలో ప్రయాణం, కొత్త చోటు, కొట్లాట మూడూ కలిస్తే తట్టుకోలేదు. కొనాలనుకునేవాళ్లు నాలుగు వానలు పడి చల్లబడేదాకా ఆగండి. కొత్తగా వచ్చిన పెట్ట వారం పది రోజులు గుడ్డు పెట్టకపోవచ్చు, పాతవీ కొంత తగ్గించొచ్చు, దానికి కంగారు పడి ఎవరి నజర్ తగిలిందో అని వెతకొద్దు. సంతకు బయల్దేరే ముందు ఇంట్లో రెండో నీళ్ల డబ్బా ఉందా, జాలీ ముక్క ఉందా, పెరట్లో ఖాళీ మూల ఉందా చూసుకోండి. లేకపోతే ఆ వారం అవి కొనుక్కురండి. పెట్టలు వచ్చే వారం కూడా సంతకు వస్తాయి.